నికా ఫోటో కోసం బిడ్డ మొఖం కాల్చుదామా?

పోయిన జుమా రోజు దస్తర్‌ఖాన్ పరుస్తుండగా చిన్న ఖాలా ఫోన్ చేసింది. సలాం, ఖైరియత్ అయ్యాక అసలు సంగతికొచ్చింది. "బేటీ, నీ బిడ్డకు లేజర్ చేయించినవు గదా, ఆ క్లినిక్ నంబర్ జర పంపు" అంది. ఆమె చిన్న కూతురికి రెండు నెలల్లో నికా. పిల్ల చెంపల నిండా ముహాసే. మంగ్నీ రోజు అబ్బాయి తరఫువాళ్లలో ఎవరో "నికా తక్ చెహ్రా సాఫ్ హోజానా" అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని ఖాలాకు నిద్ర లేదు. జహేజ్ కోసం దాచిన పైసల్లోంచి నలభై వేలు పక్కకు తీసిపెట్టిందట. చాలకపోతే చేతి గాజు ఒకటి తాకట్టు పెడతానంది.

నేను నంబర్ పంపలేదు. పంపను కూడా. ఎందుకు పంపనో ఫోన్‌లో చెప్పబోతే గొంతు పూడుకుపోయింది, మాట సాగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఖాలా ఒక్కదాని కోసమే కాదు, ఇంట్లో ఆడపిల్ల ఉన్న ప్రతి అమ్మీ కోసం, ప్రతి అబ్బా కోసం. చదివి ఎవరికైనా గుస్సా వస్తే రానివ్వండి. అందరికంటే ముందు నామీద నాకే వచ్చింది.

మూడేళ్ల కిందటి మాట. నా బిడ్డకు అప్పుడు 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. తొమ్మిదో తరగతి నుంచే మొటిమలు. మొదట నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు, తర్వాత చెంపలు, గదమ. కొన్ని లోపల గడ్డల్లా ఉండి, ముట్టుకుంటే నొప్పి. మేం చేయని టోట్కా లేదు. ముల్తానీ మిట్టీ పూశాం. శనగపిండిలో పసుపు కలిపి రుద్దాం. నానీ నిమ్మరసం పూయమంటే పూశాం, ఆ మంటకు పిల్ల రాత్రంతా ఫ్యాన్ కింద కూర్చుంది. ఎవరో టూత్‌పేస్ట్ అన్నారు, అదీ అయింది. మామిడిపండు బంద్, బిర్యానీ బంద్. ఆఖరికి మందుల షాపులో అడిగితే ఒక క్రీమ్ చేతిలో పెట్టాడు. వారంలో మొఖం తెల్లగా, నున్నగా అయింది. అల్‌హందులిల్లాహ్ అనుకున్నాను. పూయడం ఆపిన వారానికి రెండింతలు లేచాయి. మళ్లీ అదే క్రీమ్. ఇట్లా ఏడాది గడిచింది.

ఆ ఏడాదే రిష్తాలు రావడం మొదలైంది. షర్బత్ తాగుతూ పిల్ల మొఖాన్ని చూసే ఆ చూపు మీ అందరికీ తెలుసు. బజారులో టమాటాలు ఏరే చూపు అది. ఒకావిడ నా ముందే, "ఐసా కైకు హువా మా చెహ్రా? గరం చీజా బహుత్ ఖాతీ క్యా?" అని అడిగింది. నా బిడ్డ ఏం మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా దుపట్టా చెంపల దాకా లాక్కుని తిరిగింది. కాలేజీ గ్రూప్ ఫోటోల్లో కనిపించడం మానేసింది. ఈద్ నాడు మామూ ఇంటికి రమ్మంటే తలనొప్పి అని పడుకుంది.

అప్పుడు కనిపించింది ఫోన్‌లో ఒక ప్రకటన. హైదరాబాద్‌లో ఏదో క్లినిక్. మొండి మొటిమలకు లేజర్, నొప్పి లేదు, మందుల్లేవు, మచ్చ మిగలదు అని. పేరు రాయను. ఆ బోర్డు పీకేస్తే పక్క సందులో ఇంకో బోర్డు లేస్తుంది. నా కొట్లాట బోర్డుతో కాదు.

అద్దాల తలుపు, ఏసీ చల్లదనం, గోడ నిండా "ముందు, తర్వాత" ఫోటోలు. మమ్మల్ని డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టారు. ఆమె బల్ల మీద ఉన్న పరికరం ఒక్కటే, క్యాలిక్యులేటర్. ఆరు సిట్టింగులు ముప్పై ఆరు వేలు, ఇవాళే కడితే ముప్పై, వాయిదాల మీద కూడా కట్టుకోవచ్చు. నా ఖర్జ్ ఆ కుర్చీలోనే మొదలైంది. ఆమె నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. "షాదీ ఎప్పుడు మేడం?" "కార్డా, క్యాషా?"

పిల్ల ఏం మందులు మింగుతుందో అడగలేదు. ఏ క్రీమ్ పూసిందో అడగలేదు. మాహవారీ సరిగ్గా వస్తుందా అని అడగలేదు. డాక్టర్ అని చెప్పినాయన రెండు నిమిషాలు తలుపు దగ్గర నిలబడి, "నఖాబ్ వేసుకుంటారు కదా, చెమట పట్టి వచ్చుంటాయి. సెట్ అయిపోతుంది" అని వెళ్లిపోయాడు. మషీన్ పట్టుకున్నది నా బిడ్డ కంటే రెండు మూడేళ్లు పెద్దదైన ఒక అమ్మాయి. ఆమెను తప్పు పట్టను. ఆమెకు ఏది నేర్పారో అదే చేసింది.

రెండు సిట్టింగులు మామూలుగానే గడిచాయి. కొంచెం ఎరుపు, కొంచెం మంట. మూడోసారి "పవర్ పెంచుదాం, రిజల్ట్ తొందరగా వస్తుంది" అన్నారు. ఊరికి తిరిగొచ్చే బస్సులోనే పిల్ల దుపట్టా కొస తడిపి చెంపకు అదుముకుంది. తెల్లారేసరికి బొబ్బలు. వారానికి అవి ఎండి రాలిపోయాయి. కింద నల్లటి మచ్చలు తేలాయి, మషీన్ మూతి ఆనించిన చోటల్లా ఒక్కొక్కటి, ఇటుకలు పేర్చినట్టు. మొటిమ మచ్చ గుండ్రంగా ఉంటుంది. ఈ మచ్చలకు నాలుగు మూలలున్నాయి.

క్లినిక్‌కు ఫోన్ చేస్తే "మీ పాప స్కిన్ సెన్సిటివ్ మేడం, ఎండలో తిరిగిందేమో" అన్నారు. గట్టిగా అడిగితే నేను సంతకం పెట్టిన కాగితం ఫోటో తీసి పంపారు. కాలిన గాయాలు, మచ్చలు రావచ్చని అందులో రాసే ఉంది. నేను చదవలేదు. రోజూ క్లాసులో ప్రశ్న పూర్తిగా చదవండిరా, తర్వాతే జవాబు రాయండి అని పిల్లల మీద అరిచే టీచర్ని నేను.

ఆ మచ్చలు పలచబడటానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో డాక్టర్లను అడిగి, చదివి నేను నేర్చుకున్నది ఇప్పుడు చెబుతాను. ముప్పై వేలు కట్టకముందే నేర్చుకోవాల్సిన పాఠం ఇది.

మొటిమ మురికి వల్ల రాదు. అట్లా అయితే రోజుకు ఐదుసార్లు వుజూ చేసే పిల్లకు రానే రాకూడదు. చర్మంలో వెంట్రుక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. ఈడొచ్చాక ఆండ్రోజన్ అనే హార్మోన్ల ప్రభావంతో ఆ గ్రంథి ఎక్కువ నూనె తీస్తుంది. ఈ హార్మోన్లు మగపిల్లల్లోనే కాదు, ఆడపిల్లల్లో కూడా ఉంటాయి. రాలిపోవాల్సిన చర్మకణాలు రంధ్రం మూతికి అడ్డం పడతాయి. లోపల ఇరుక్కున్న నూనెలో క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. ఇది మనందరి చర్మం మీదా ఉండేదే. దానిమీద శరీరం తిరగబడితే వాపు, ఎరుపు, చీము. నూనె, మూత, సూక్ష్మజీవి, వాపు, ఈ నాలుగూ కలిస్తే మొటిమ. ఇది జబ్బు. జబ్బుకు ఇలాజ్ ఉంటుంది. దీంట్లో షరమ్ పడాల్సింది ఏమీ లేదు.

మరి వెలుగుతో ఇలాజ్ అంతా ధోకాయేనా? కాదు. అట్లా అంటే నేనూ ఆ ప్రకటనవాళ్లలాగే అబద్ధం చెప్పినదాన్నవుతాను. దాని వెనక సైన్స్ ఉంది. ఆ సూక్ష్మజీవి తన లోపల పోర్ఫిరిన్ అనే పదార్థాలు తయారుచేసుకుంటుంది. 415 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతి వాటిమీద పడితే ఆక్సిజన్ రగిలి, ఆ జీవినే చంపుతుంది. 630 నానోమీటర్ల దగ్గరి ఎర్ర కాంతి ఇంకా లోతుకు పోతుంది, వాపు తగ్గించడానికి వాడతారు. బాగానే ఉంది. కానీ దీపం ఆర్పాక మిగిలిన సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి. రంధ్రం మూతి అడ్డం తొలగలేదు. హార్మోన్ల సంగతి ఎక్కడిదక్కడే ఉంది. అందుకే ఫలితం వచ్చినా చాలామందిలో నిలవదు.

ఫోటోడైనమిక్ థెరపీ అని ఇంకోటి ఉంది. అమైనోలెవులినిక్ ఆమ్లం అనే మందు మొఖానికి పూసి, అది లోపలికి ఇంకేదాకా ఆగి, అప్పుడు కాంతి పట్టిస్తారు. ఇది నూనె గ్రంథి మీద కూడా పని చేస్తుంది. దానికి తగ్గట్టే మంట, ఎరుపు, పొట్టు లేవడం. తర్వాత రెండు రోజులు ఎండకు పూర్తిగా దూరంగా ఉండాలి. ఇది పార్లర్‌లో చేసే పని కాదు.

ఇక ఐపీఎల్. క్రికెట్ కాదు, ఇంటెన్స్ పల్స్డ్ లైట్. చాలామంది దీన్నే లేజర్ అనుకుంటారు. లేజర్ అంటే ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి. ఐపీఎల్ అంటే ఎన్నో తరంగదైర్ఘ్యాలు కలగలిసిన మెరుపు. వెంట్రుకలు తీయడానికి కొన్న మషీన్‌కే ఫిల్టర్ మార్చి మొటిమలకు వాడొచ్చు, ఒకే మషీన్ మీద రెండు బేరాలు. నా బిడ్డ చెంప మీద పడింది కూడా ఐపీఎల్ మెరుపేనని తర్వాత డాక్టర్ ఆ నాలుగు మూలల మచ్చలు చూసి చెప్పారు. రసీదు మీద మాత్రం "ఆక్నె లేజర్" అనే ఉంది.

అసలు లేజర్లు కూడా ఉన్నాయి. ఎర్రగా వాచిన మొటిమల్లోని రక్తనాళాల మీద పనిచేసే పల్స్డ్ డై లేజర్ ఒకటి. ఈ మధ్య వచ్చింది 1726 నానోమీటర్ల లేజర్. నూనె గ్రంథినే వేడి చేసి దాని జోరు తగ్గిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో దీన్ని మొటిమల చికిత్సకు అనుమతించింది. ఆ తరంగదైర్ఘ్యాన్ని చర్మంలోని రంగు పెద్దగా పీల్చుకోదు, అందుకే నల్లటి చర్మానికి కూడా పనికొస్తుందంటారు. ఇది మంచి వార్తే. కానీ సందు చివర క్లినిక్‌లో "మాదీ లేజరే మేడం" అంటే అది ఇదేనని నమ్మకండి. మషీన్ పేరేంటి, తరంగదైర్ఘ్యం ఎంత అని అడగండి.

ఇంత మెరుపుకు సాక్ష్యం ఎంత? 2016లో కాక్రేన్ సంస్థ మొటిమలకు చేసే కాంతి చికిత్సల మీద జరిగిన 71 పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. వాటిలో పాల్గొన్నవాళ్లు 4211 మంది. గట్టిగా "ఇది పనిచేస్తుంది" అని చెప్పడానికి కావాల్సిన నాణ్యమైన సాక్ష్యం చాలావాటికి లేదని తేల్చింది. 2024లో అమెరికా చర్మవైద్యుల అకాడమీ మొటిమల చికిత్సకు మార్గదర్శకాలు కొత్తగా రాసింది. అందులో గట్టిగా సిఫారసు చేసినవి ఏవో తెలుసా? బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి రెటినాయిడ్ పూతలు, అవసరమైతే డాక్సీసైక్లిన్ మాత్రలు, తీవ్రంగా ఉంటే ఐసోట్రెటినాయిన్. లేజర్లు, కాంతి చికిత్సల గురించి సిఫారసు చేయడానికి సాక్ష్యం చాలదంది. గోడమీది ఫోటోలు ఎన్నైనా పెట్టనీ, మాట ఇదీ.

మన చర్మం సంగతి వేరే చెప్పాలి. మన రంగునిచ్చేది మెలనిన్. అది కాంతిని పీల్చుకుంటుంది. మషీన్ వెలుగు మొటిమను చేరేలోపే దారిలో మెలనిన్ దాన్ని పట్టుకుని వేడెక్కుతుంది. తెల్లటి చర్మానికి సరిపోయిన పవరే సావ్లా చర్మాన్ని కాలుస్తుంది. కాలకపోయినా, మన చర్మానికి వాపు వచ్చిందంటే చాలు, అది తగ్గినచోట నల్లటి దాగ్ మిగులుతుంది. మొటిమ గిల్లితే మిగిలే మచ్చ అదే, మషీన్ కాల్చితే మిగిలే మచ్చా అదే. చేయి తిరిగిన చర్మ డాక్టర్లు మన చర్మానికి పవర్ తగ్గించి, ముందు చిన్న చోట పరీక్షించి, అప్పుడు మొఖం ముట్టుకుంటారు. నా బిడ్డకు ఆ పరీక్ష చేయలేదు. నాకు అడగాలని తెలియలేదు.

వాళ్లు అడగని ప్రశ్నల దగ్గరికి వద్దాం. మందుల షాపువాడిచ్చిన ఆ క్రీమ్‌లో స్టెరాయిడ్ ఉంది. మొదట తెల్లబరుస్తుంది, తర్వాత చర్మాన్ని పలచన చేస్తుంది, సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి, అదే మొటిమలు తెప్పిస్తుంది. మన దేశంలో ఇట్లా పాడైన మొఖాలు ఎన్ని వచ్చాయంటే, చర్మ డాక్టర్లు దానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా మన గల్లీల్లో "గోరా హోనే కీ క్రీమ్" అంటే చేతికిస్తున్నారు. అది పూసి పలచబడ్డ చర్మం మీద మెరుపు కొడితే ఏమవుతుంది? నా బిడ్డ చెంప మీద అయిందే అవుతుంది.

రెండో ప్రశ్న మాహవారీ. నెల తప్పి రావడం, గదమ మీద వెంట్రుకలు, బరువు పెరగడం, గదమ చుట్టూ మొండి మొటిమలు, ఇవన్నీ కలిస్తే పీసీఓఎస్ ఉందేమో చూడాలి. అది లోపలి హార్మోన్ల గడబిడ. పైన ఎన్ని దీపాలు పెట్టినా లోపలి సంగతి మారదు. ఆడపిల్ల మాహవారీ మాట ఎత్తడానికి సిగ్గుపడి, మషీన్ కింద పడుకోబెట్టడానికి సిగ్గుపడని వాళ్లం మనం.

చివరికి నా బిడ్డను ఎక్కడికి తీసుకెళ్లాను? సర్కారీ దవాఖానాకు. ఓపీ చీటీ తీసుకుని, చర్మవ్యాధుల విభాగం ముందు బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. హైదరాబాద్‌లో ఉస్మానియా దవాఖానాలో ఉంది ఆ విభాగం, మెడికల్ కాలేజీలున్న పెద్దాసుపత్రుల్లో ఉంటుంది. అక్కడి డాక్టరమ్మ మొఖం కంటే ముందు నేను సంచిలో తెచ్చిన ట్యూబులు చూసింది. "ఇది ఎవరిచ్చారు?" అని అడిగి తల పట్టుకుంది. పిల్లను విడిగా కూర్చోబెట్టి మాహవారీ గురించి అడిగింది. రాత్రికి అడాపలీన్ జెల్, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్, కొన్నాళ్లు డాక్సీసైక్లిన్, ఎండలోకి పోతే సన్‌స్క్రీన్. ఇంతే. నెలకు అయిన ఖర్చు ఆ క్లినిక్ ఒక్క సిట్టింగ్‌లో పదో వంతు కూడా కాదు.

ఆమె చెప్పిన జాగ్రత్తలు మీకూ పనికొస్తాయి. జెల్ బఠాణీ గింజంత చాలు, మొటిమ మీద ఒక్కటే కాదు, మొఖమంతా పలచగా. మొదటి వారాల్లో పొడిబారుతుంది, కొంచెం ఎక్కువైనట్టు కూడా కనిపిస్తుంది, ఆపొద్దు. బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. నా బిడ్డ పచ్చ దుపట్టా అంచు తెల్లబడింది, దిండు గలీబు కూడా. డాక్సీసైక్లిన్ గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, మింగిన వెంటనే పడుకోవద్దు. ఫలితం కనబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. "సబర్ చేస్తావా?" అని డాక్టరమ్మ పిల్లను అడిగింది. చేస్తానంది. చేసింది.

షాదీ కుదిరిన ఇళ్లకు ఒక ముఖ్యమైన మాట. తీవ్రమైన మొటిమలకు డాక్టర్ ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాయొచ్చు. చాలా బాగా పనిచేసే మందు. కానీ అది వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత ఒక నెల దాకా గర్భం రాకూడదు. వస్తే కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు. డాక్సీసైక్లిన్, అడాపలీన్ కూడా గర్భంతో ఉన్నప్పుడు వాడరు. కాబట్టి నికా తారీఖు డాక్టర్‌కు చెప్పండి. తమ్ముడి చీటీ మీద అక్కకు మాత్రలు తెచ్చివ్వకండి.

లేజర్‌కు చోటే లేదా అంటే, ఉంది. మొటిమలు తగ్గిపోయాక మిగిలే గుంతలకు ఫ్రాక్షనల్ లేజర్ లాంటివి చర్మ డాక్టర్ చేతిలో పనికొస్తాయి. మందులు పడనివాళ్లకు, మందులతో తగ్గనివాళ్లకు కాంతి చికిత్స ఒక దారి. కానీ లేస్తున్న మొటిమ వేరు, మిగిలిన నల్ల మచ్చ వేరు, గుంత వేరు. మూడింటికీ ఒకే ప్యాకేజీ అమ్మేవాడు ఇలాజ్ చేయడం లేదు, దుకాణ్‌దారీ చేస్తున్నాడు.

అయితే ఆ దుకాణం ఎవరి పైసల మీద నడుస్తోంది? మన భయం మీద. అసలు తగువు ఇక్కడుంది. మా మరిది కొడుక్కు నా బిడ్డ కంటే ఎక్కువ మొటిమలు. అతని రిష్తా మాట్లాడినప్పుడు తన్‌ఖా ఎంత అని అడిగారు, సొంతిల్లా కిరాయిల్లా అని అడిగారు. చెహ్రా గురించి ఒక్కరూ ఎత్తలేదు. అదే పొక్కు ఆడపిల్ల చెంప మీద ఉంటే జహేజ్ లెక్క పెరుగుతుంది. ఎందుకు పెరగాలి? చెప్పండి.

కొడుకులకు ముచ్చటపడి బిలాల్ అని పేరు పెట్టుకుంటాం. ఇస్లాంలో మొదటి అజాన్ ఇచ్చిన ఆ హబ్షీ మనిషి కథ పిల్లలకు గర్వంగా చెబుతాం. కోడలిని వెతకాల్సి వచ్చేసరికి "గోరీ చిట్టీ, సాఫ్ చెహ్రా" అంటాం. ఇది మగవాళ్ల మాట మాత్రమే అని తప్పించుకోలేం. షర్బత్ గ్లాసు పట్టుకుని ఆ చూపు చూసేది మనమే. నేనూ చూశాను, మా తమ్ముడికి పిల్లను వెతికినప్పుడు. ఆ పిల్ల నుదుటి మీద మచ్చ గురించి బయటికొచ్చాక మాట్లాడాను. ఆమె తల్లి వినే ఉంటుంది. అల్లాహ్ నన్ను మాఫ్ చేయాలి.

"నీకేం, మాటలు చెబుతావు. రేపు మా పిల్ల రిష్తా టూట్‌ గయా అంటే నువ్వు తెస్తావా ఇంకోటి?" అని ఖాలా అడుగుతుంది, నాకు తెలుసు. ఖాలా, మొటిమకు తెగిపోయే రిష్తా మొదటి కాన్పు తర్వాత వచ్చే మంగుకు, నలభై ఏళ్లకు వచ్చే ముడతకు ఎంతకాలం నిలుస్తుంది? ఇలాజ్ చేయించొద్దని నేను అనడం లేదు. మొటిమల వల్ల పిల్లలు కుంగిపోతారు, మనుషుల్లోకి రారు, నా ఇంట్లోనే చూశాను. ఇలాజ్ చేయించాల్సింది అందుకోసం, ఆ పిల్ల కోసం. లడ్కేవాలే ఇచ్చిన తారీఖు కోసం కాదు. తారీఖు తరుముతుంటే పవర్ పెంచుతారు. పవర్ పెంచితే కాలుతుంది.

ఇంకొందరు మరోవైపు నుంచి వస్తారు. అల్లాహ్ ఇచ్చిన సూరత్‌ను మార్చడం గునాహ్, లేజర్ మాటే ఎత్తొద్దు అని. షౌక్ కోసం ముక్కు చెక్కించుకోవడం వేరు, జబ్బుకు దవా చేయించుకోవడం వేరు. ఈ తేడా ఉలమాలే చెబుతారు. పిల్ల నొప్పితో ఏడుస్తుంటే ఫత్వా వెతకడం కంటే ఓపీ చీటీ తీసుకోవడం మేలు.

ఇంత చెప్పినా కొందరు వెళ్తారు. వెళ్లేవాళ్లు కనీసం ఇవి అడగండి. చేసేది చర్మవ్యాధుల్లో పీజీ చేసిన డాక్టరేనా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? మషీన్ పట్టుకునేది ఎవరు? అది లేజరా, ఐపీఎలా, ఏ తరంగదైర్ఘ్యం? మందులతో ముందు ఎందుకు ప్రయత్నించడం లేదు? మన రంగు చర్మానికి పవర్ ఎంత పెడతారు, ముందు చిన్న చోట పరీక్షిస్తారా? కళ్లకు రక్షణ ఏంటి? కాలితే ఎవరు చూస్తారు, ఎవరి ఖర్చుతో? ఈ ప్రశ్నలకు మొఖం చిట్లించేచోట పైసలు కట్టకండి. మొత్తం ప్యాకేజీ ముందే అసలే కట్టకండి. సంతకం పెట్టే కాగితం చదవండి.

నా బిడ్డ ఇప్పుడు బీఎడ్ చేస్తోంది. నెలకు ఒకటో రెండో మొటిమలు వస్తాయి, పోతాయి. ఎడమ చెంప మీద, ఎండ పడ్డప్పుడు చూస్తే ఒక మచ్చకు రెండు మూలలు ఇంకా తెలుస్తాయి. ఇది రాసి ముందు ఆమెకే చూపించాను, ఆమె మొఖం గురించి కదా. అంతా చదివి, "నిమ్మరసం సంగతి రాయలేదేం అమ్మీ, అది కూడా రాయి" అంది. రాశాను.

ఖాలా, నంబర్ అడిగావు కదా. సోమవారం పొద్దున తొమ్మిదింటికి పెద్ద దవాఖానా ఓపీ దగ్గర ఉంటాను. పిల్లను తీసుకుని రా. ఇప్పటిదాకా పూసిన ట్యూబులు, డబ్బాలు అన్నీ సంచిలో వేసుకో, ఖాళీవైనా సరే. గాజు ఇంట్లోనే ఉండనీ.